బిందెకు దారం చుట్టే కుర్రాడు దారి తప్పలేదు

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. సీఎస్‌ఈ వద్దు, ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ సైన్స్ పరిశోధన విద్యాసంస్థ) చేరి మ్యాథమెటికల్ ఫిజిక్స్ చదువుతానంటున్నాడు. ‘సూపర్ ఇంటిగ్రబుల్ జియోడెసిక్ ఫ్లోస్’ అంటూ రాగి బిందెకు దారం చుట్టి కోణాలు కొలుస్తున్నాడు. బంధువులు అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. రెండు దారులూ పోల్చి చెప్పండి.

జవాబు: ముందు ఆ బిందె సంగతి చూద్దాం. బిందె పొట్ట మీద దారం బిగించి పట్టుకుంటే అది దగ్గరి దారి వెతుక్కుంటుంది. అదే జియోడెసిక్. మెడ దగ్గర బిందె లోపలికి వంగుతుంది కాబట్టి దారం గాల్లోకి లేస్తుంది, అక్కడ కొలవకూడదు. పొట్ట మీద ఎక్కడైనా సరే, బిందె నడిమి అక్షం నుంచి దూరాన్ని, మెడ నుంచి అడుగుకు బిందె మీదుగా దిగే నిలువు గీతతో దారం చేసే కోణం సైన్‌తో గుణిస్తే ఒకే విలువ వస్తుంది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త క్లెరో చెప్పిన మాట ఇది. ఆ దారి వెంట కదిలే చుక్క శక్తి కూడా మారదు, దానితో కలిపితే మారని రాశులు రెండయ్యాయి. మూడోది కూడా దొరికే తలాలే సూపర్ ఇంటిగ్రబుల్. బంతి అలాంటిది, దాని మీద ఎటు బయల్దేరి తిన్నగా నడిచినా మొదలుపెట్టిన చోటికే వస్తాం. ఇంకేం తలాలున్నాయని 19వ శతాబ్దం చివర్లో కోనిగ్స్ అనే గణితవేత్త వెతికాడు. 2011లో మత్వేయెవ్, షెవ్‌చిషిన్ అనే గణితవేత్తలు కొత్తవి బయటపెట్టారు. మీ వాడు పట్టుకున్నది పిచ్చి కాదు, ఇంకా నడుస్తున్న లెక్క.

సీఎస్‌ఈ చెడ్డదని అనను. కానీ విజయవాడలో నా దగ్గరికి ఫైనలియర్ పిల్లలు వచ్చి ‘కోడింగ్ ఇష్టం లేదు సార్, నాన్న చేరమన్నారు’ అని ఏడుస్తుంటే ఏం చెప్పను? బ్రాంచి పేరుకు ఏఐ, డేటా సైన్స్ అని తగిలించి సీట్లు పెంచారు. పాఠం చెప్పేవాళ్ళు అంత పెరిగారా అని ఎంతమంది తండ్రులు అడిగారు? ప్లేస్‌మెంట్ శాతం మాత్రం అందరూ అడుగుతారు. మొదటి ఉద్యోగంలో రాసే చిన్న చిన్న కోడ్ ఇప్పుడు మెషీనే రాస్తోంది. నాలుగేళ్ళ తర్వాత ఎలా ఉంటుందో ధీమాగా చెప్పేవాళ్ళను నేను నమ్మను.

ఒక మాట కటువుగానే అంటాను. మీ ఉత్తరంలో బంధువులున్నారు, అబ్బాయికి లెక్కలు ఎలా వస్తాయో ఒక్క ముక్క లేదు. రేపు హాస్టల్ గదిలో పుస్తకం ముందు కూర్చునేది వాళ్ళు కాదు కదా!

దారి పొడుగే. ఐసర్‌లో ఐదేళ్ళు, పీహెచ్‌డీకి మరో ఐదారేళ్ళు, ప్రొఫెసర్ పోస్టులు తక్కువ. అయినా ఇల్లు గడవదని భయపడకండి. నెట్ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, 2023 నుంచి ఇస్తున్న మొత్తం అది. మధ్యలో మనసు మారినా, ఈ లెక్కలతో పాటు ప్రోగ్రామింగ్ నేర్చినవాడికి డేటా, ఫైనాన్స్ ఉద్యోగాల తలుపు మూసుకోదు.

ఈ ఆదివారం దారం రెండో కొస మీరు పట్టుకోండి. రెండు చోట్ల కొలిచి లెక్క ఒకటే వస్తుందేమో చూపించమనండి. తేడా వస్తే ఎందుకొచ్చిందని మళ్ళీ కొలుస్తాడా, బిందె పక్కన పెట్టేస్తాడా చూసి నాకు రాయండి.