బావా అనాలా, భాయీ అనాలా

విశాఖపట్నం

అమ్మాయీ,

నీ కథ రెండుసార్లు చదివాను. నాన్న ఒడియా, అమ్మ తెలుగు, వాల్తేరు రైల్వే క్వార్టర్స్‌లో పెరిగిన పిల్ల. మంచి మనిషిని పట్టుకున్నావు. కానీ మొదటి పేజీలోనే ‘రెండు పడవల మీద కాళ్లు’ అనేశావు. అది కొట్టెయ్యి. ఆ మాట పడగానే ఆ పిల్ల ఎలా ఉంటుందో తెలిసిపోయిందనుకుంటాడు పాఠకుడు. ఇక ఆమె వంక చూడడు.

రెండు సంస్కృతుల మనుషుల గురించి మనస్తత్వవేత్తలు వెరోనికా బెనెట్ మార్టినెజ్, జానా హరిటాటోస్ 2005లో ఒక ముడి విప్పారు. దూరం వేరు, ఘర్షణ వేరు అన్నారు. ఇంట్లో ఒడియా, బయట తెలుగు, దేని గది దానిదే అనుకుంటే అది దూరం. రెండూ చెరోవైపు లాగుతున్నాయనిపిస్తే అది ఘర్షణ. దూరం ఉండి కూడా హాయిగా బతికేవాళ్లున్నారు. రెండూ కలగలిసిపోయి కూడా నలిగేవాళ్లున్నారు. నీ కథలో ఇవి ఒకే ముద్దయ్యాయి.

ఘర్షణని వరసల్లో వెతుకు. మనకి మేనమామ కొడుకు బావ. ఆటపట్టించొచ్చు, పెళ్లిమాటా రావొచ్చు. ఒడియా ఇళ్లలో చాలామందికి మామూ కొడుకు భాయి, రాఖీ కట్టే మనిషి. నీ పిల్లకి మేనమామ తెలుగువాడు. అమ్మమ్మగారింట్లో అత్తయ్య, ‘ఏటే, సిగ్గా? బావకి నీల్లియ్యి’ అంటుంది. నాన్న అక్కడే కూర్చునున్నాడు. గ్లాసు పిల్ల చేతిలో ఉంది. ఏమని పిలుస్తుంది? పేరు పెట్టా? ఏ పిలుపూ లేకుండా గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టేసి వచ్చేస్తుందా? కథంతా అక్కడుంది. నువ్వేమో ఆ అత్తయ్యని ఒక్క వాక్యంలో దాటేశావు.

దానికి బదులు ఒడియావాళ్ల నీళ్లన్నం పఖాళకీ, మన చద్దన్నానికీ రెండు పేజీలిచ్చావు. తిండి తేలిగ్గా కలిసిపోతుంది, అందుకే అక్కడ కథ నడవదు. ఒక్కటి మాత్రం ఉంచు. ఒడియాలో బడి అంటే వడియం. వేయించిన బడి, వెల్లుల్లి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి దంచితే బడిచూరా. పలకాబలపంతో బడికెళ్లే వయసులో ఆ మాట పిల్ల చెవికి ఎలా తగిలుంటుందో రాయి.

ఇంకో పరిశోధన నీకు పనికొస్తుంది. 2000లో యింగ్‌యి హాంగ్ బృందం చైనా, పాశ్చాత్య సంస్కృతులు రెండూ తెలిసినవాళ్లకి ముందు ఏదో ఒక సంస్కృతి గుర్తులు చూపించి, తర్వాత గుంపుకి ముందు ఈదుతున్న చేప బొమ్మ చూపించింది. అమెరికా గుర్తులు చూసినవాళ్లు ఆ చేపే దారి తీస్తోందన్న వైపు మొగ్గారు. చైనా గుర్తులు చూసినవాళ్లు గుంపే దాన్ని తరుముతోందన్న వైపు. 2002లో మరో మలుపు తేలింది. రెండు సంస్కృతులకీ పడదనుకునేవాళ్లు గుర్తు చూపిస్తే దానికి ఎదురు తిరిగారు. తెలుగు పెళ్లింట్లో నీ పిల్ల పట్టుబట్టి ఒడియాలోనే మాట్లాడుతోందంటే పొగరనుకోకు. సన్నాయి విన్నాక అలా మొదలైందా, అంతకుముందే ఉందా? అది నీకు తెలియాలి.

ఒక కాగితం తీసుకో. ఎడమపక్క ఆరు పనులు రాయి: డబ్బు లెక్కపెట్టడం, తిట్టడం, దణ్ణం పెట్టడం, చంటిపిల్లని ఊరుకోబెట్టడం, ఫోనెత్తగానే అనే మాట, నిద్రలో పలవరింత. ఎదురుగా ఏ భాషో, ఎవరి ముందో రాయి. ఆరింటినీ కథలోకి తేకు. నువ్వు అనుకోని భాష ఏ గడిలో పడిందో అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

ఒడియా మాటలకి అర్థాలు పక్కన రాయకు, తర్వాతి పని వల్ల తెలియనీ. నాన్న నోట జగన్నాథుడు ‘జొగొన్నాథొ’ అవుతాడు, అమ్మ నోట జగన్నాథస్వామే. కారణం లేకుండా మార్చకు.

అక్షయ తృతీయ నాడు సింహాచలంలో అప్పన్న చందనం వొలిచి నిజరూపం చూపిస్తాడు. అదే రోజు పూరీలో రథాలకి పని మొదలవుతుంది. ఆ రోజుని నువ్వు వాడుకోలేదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడ్డప్పుడు జయపురం వైపు ప్రాంతం మన జిల్లాలోంచే అటు వెళ్లింది. తాతని ఆ వైపు వాడిగా చేస్తే, ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారిన మనిషి దొరుకుతాడు.

ముందు ఆ గ్లాసు సీను మూడు రకాలుగా రాసి పంపు. నాన్న ఉండగా ఒకటి, లేకుండా ఒకటి, బావే క్వార్టర్స్‌కి వచ్చినప్పుడు ఒకటి.

ఆశీస్సులతో