ఉపవాసాలు పెంచనక్కర్లేదు, చెల్లెలితో మాట్లాడండి

ప్రశ్న: బాప్తిస్మం తీసుకుని చాలా ఏళ్లయింది. ఆదివారం ఆరాధన మానను, వారానికో రోజు ఉపవాసం ఉంటాను. మందిరంలో పాటలు పాడుతున్నంతసేపూ మనసు నిండిపోతుంది. ఇంటికొచ్చి ఫోన్‌లో చెల్లెలి స్టేటస్ చూడగానే అదంతా పోతుంది. అమ్మ ఇంటి విషయంలో నన్ను మోసం చేసిన మనిషి అంత నవ్వుతూ ఎలా ఉంటుంది? మాకు మాటల్లేవు. నా దగ్గరుండే అమ్మ కూడా దానితో మాట్లాడాలంటే గది తలుపు వేసుకుంటుంది. సరే, అది వదిలేయండి. నిలిచే ఆనందం కోసం ఉపవాసాలు పెంచాలా, సంఘం మారాలా?

జవాబు: రెండూ వద్దమ్మా. మీరు వదిలేయమన్న దగ్గరే అసలు సంగతి ఉంది.

బైబిల్లో, పౌలు ఖైదులో ఉండి ఫిలిప్పీ సంఘానికి రాసిన ఉత్తరం, అదే ఫిలిప్పీయుల పత్రిక, మీకు కొత్తేం కాదు. ఎల్లప్పుడూ ప్రభువులో ఆనందించమనే మాట, 4వ అధ్యాయం 4వ వచనం, మీకు కంఠతా వచ్చే ఉంటుంది. ఈసారి 2వ వచనం నుంచి చదవండి. యువొదియ, సుంటుకే అనే ఇద్దరు స్త్రీలను ఏకమనసుతో ఉండమని పౌలు పేరుపేరునా బతిమాలుతున్నాడు. ఇద్దరూ సువార్త పనిలో అతనితో పాటు కష్టపడ్డవాళ్లే. తగవు దేనికొచ్చిందో, తప్పెవరిదో ఒక్క ముక్క కూడా రాయలేదు. వాళ్లకు సాయం చేయమని ఇంకొకరికి అప్పజెప్పి, ఆ వెంటనే ఆనందించమన్నాడు. మనమేమో ఆ ముందు మాటలు దాటేసి 4వ వచనం ఒక్కటే పట్టుకుంటాం. బలిపీఠం దగ్గర అర్పణ వదిలిపెట్టి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడమని ప్రభువు చెప్పిందీ ఇదే కదా.

క్షమించడమంటే వాటా వదులుకోవడం కాదు. మోసం జరిగి ఉంటే పెద్దల్ని కూర్చోబెట్టి అడగండి, కాగితాలతో తేల్చుకోండి. ఆత్మగౌరవం చంపుకుని బతకమని నేను ఎవరికీ చెప్పను. మన చేతనైనంత మట్టుకు అందరితో సమాధానంగా ఉండమని రోమా పత్రికలో ఉంది. అవతలి మనిషి ఒప్పుకోకపోతే ఆ లెక్క మీది కాదు, మీ వంతు మాత్రం మీదే.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది అమ్మగారు తలుపు వేసుకోవడం. కన్నకూతురితో మాట్లాడడానికి ఆ వయసులో చాటు వెతుక్కోవాలా? ఆ భయం మీ ఇంట్లో మీరు పెట్టిందే. ముందు అది తీసేయండి. "చెల్లితో ఇక్కడే కూర్చుని మాట్లాడమ్మా" అని ఈ రోజే చెప్పండి.

వారాల తరబడి నిద్ర, ఆకలి లేకుండా దిగులుగా ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించుకోండి. అది విశ్వాసం తక్కువై వచ్చేది కాదు.

చెల్లెలికి మీరే ఫోన్ చేయండి, స్టేటస్‌లు తర్వాత చూసుకోవచ్చు. మొదటిసారి ఇంటి మాట ఎత్తకండి. ఆమె ఎత్తితే, "దాని గురించి పెద్దల ముందు మాట్లాడుకుందాం, నువ్వెలా ఉన్నావు?" అనండి. ఫోన్ తీయకపోతే "నువ్వెలా ఉన్నావు?" అని మాత్రం మెసేజ్ పెట్టి, రెండ్రోజులాగి మళ్లీ చేయండి.