రెడ్‌క్రాస్‌ను నడిపేది ఎవరు? ప్రభుత్వమా, సభ్యులా?

ఇండియన్ రెడ్‌క్రాస్ సొసైటీ ప్రభుత్వ శాఖ కాదు, అలాగని మామూలు ట్రస్టు కూడా కాదు. 1920లో చేసిన ప్రత్యేక చట్టంతో పుట్టింది. అందుకే ఈ డౌట్ చాలామందికి వస్తుంది.

పైన పేర్లు చూస్తే అంతా సర్కారుదే అనిపిస్తుంది. అధ్యక్షుడి హోదాలో రాష్ట్రపతి ఉంటారు, ఛైర్మన్ కేంద్ర ఆరోగ్య మంత్రి. కానీ అసలు నిర్ణయాలు తీసుకునేది మేనేజింగ్ బాడీ. అందులో 6గురిని రాష్ట్రపతి నామినేట్ చేస్తారు, 12 మందిని రాష్ట్రాల, కేంద్రపాలిత ప్రాంతాల శాఖలు ఎన్నుకుంటాయి. అంటే లెక్కప్రకారం ఎన్నికైనవాళ్లదే మెజారిటీ. వైస్ ఛైర్మన్‌ను కూడా ఈ సభ్యులే ఎన్నుకుంటారు. ఢిల్లీ ఆఫీసులో రోజువారీ పనంతా సెక్రటరీ జనరల్ చేతిలో ఉంటుంది.

ఇదే పద్ధతి కిందికీ దిగుతుంది. రాష్ట్ర శాఖకు గవర్నర్, జిల్లా శాఖకు కలెక్టర్ అధ్యక్షులు. మన జిల్లాల్లో రెడ్‌క్రాస్ బ్లడ్ బ్యాంకుకు వెళ్తే గోడమీద కలెక్టర్ పేరు పక్కనే ఇంకో ఛైర్మన్ పేరు కనిపిస్తుంది చూడండి, ఆయన సభ్యుల్లోంచి వచ్చినవాడు. రక్తదాన శిబిరాలకు తిరిగేది, దాతలకు ఫోన్లు చేసేది ఎక్కువగా ఆయన టీమే.

నా ఉద్దేశంలో కలెక్టర్ ఉండటం తుఫాను వచ్చినప్పుడు బాగా పనికొస్తుంది: లారీలు, గోడౌన్లు, సిబ్బంది త్వరగా దొరుకుతారు. ఇబ్బందల్లా, కలెక్టర్ బదిలీ అయితే ఫైళ్లు కొన్నాళ్లు కదలకపోవచ్చు.

సభ్యత్వం తీసుకుంటే మీరూ ఓటేయొచ్చు, పోటీ చేయొచ్చు. చాలామంది ఆ కార్డును పర్సులో పెట్టుకుని మర్చిపోతారు, అది వేరే సంగతి.