6174 గురించి రాసిన అమ్మాయికి

అమ్మాయీ,

నాలుగంకెల సంఖ్య ఏది తీసుకున్నా, దాని అంకెల్తో ఏర్పడే పెద్ద సంఖ్యలోంచి చిన్న సంఖ్యను తీసేస్తూ పోతే చివరికి 6174 దగ్గరే ఆగుతుందన్న నీ వ్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి పక్కన కాగితం, పెన్సిలు పెట్టుకున్నాను. అద్భుతం, మాయ, అంతుచిక్కని రహస్యం అనే మాటలు మొదటి పేజీ నిండా ఉన్నాయి. అన్నీ కొట్టేయి. 6174 అద్భుతమైనదే, కానీ ఆ మాట పాఠకుడి నోటి నుంచి రావాలి. అందుకు లెక్క అతని చేతే చేయించాలి.

నువ్వు తీసుకున్న 3524 మూడే తీసివేతల్లో 6174కి చేరిపోతుంది. ఉత్కంఠ పుట్టేలోపే ఊరొచ్చేసింది. నువ్వు పుట్టిన 2005తో మొదలుపెట్టి చూడు. అంకెల్ని పెద్ద నుంచి చిన్నకు, చిన్న నుంచి పెద్దకు పేర్చి తీసేస్తే 5200 − 0025 = 5175. అలాగే సాగితే 5994, 5355, 1998, 8082, 8532, చివరికి 6174. ఏడు మెట్లు. ఏ సంఖ్యకైనా అంతకు మించి పట్టవు. 6174ని మళ్లీ పేరిస్తే 7641 − 1467, అదే 6174.

నాలుగు అంకెలూ ఒకటే కాకూడదని రాశావు, మంచిది. సున్నా సంగతి మాత్రం మరిచావు. నా మొదటి వ్యాసంలో నేనూ మరిచాను. ఓ విద్యార్థి 2111తో మొదలుపెట్టి, 0999ని 999గా రాసి, తర్వాతి మెట్టులో సున్నా దగ్గర ఆగిపోయాడు. 'తప్పు రాశారు సార్' అని కార్డు వేశాడు. ముందున్న సున్నాను వదలొద్దని ఒక్క వాక్యం రాసి ఉంటే ఆ పిల్లవాడి పొద్దు వృథా అయ్యేది కాదు. ఆ కార్డు ఇప్పటికీ దాచుకున్నాను.

ఇక ఎందుకిలా? నువ్వు తప్పించుకున్నది ఇక్కడే. అన్నిటికన్నా పెద్ద అంకెకూ చిన్న అంకెకూ ఉన్న తేడాని 999తో, మధ్య రెండు అంకెల తేడాని 90తో హెచ్చించి కలుపు. తీసివేత జవాబు అదే. 7641కి 6 × 999 + 2 × 90 = 6174. మొదటి తేడా 1 నుంచి 9 దాకా ఉండొచ్చు, రెండోది మొదటిదాన్ని మించదు. అంటే వేలకొద్దీ సంఖ్యలు ఒక్క తీసివేతతో ఈ తేడాల 54 జంటల్లోకి వచ్చిపడతాయి. ఆ 54నీ ఓ సాయంత్రం కూర్చుంటే చేత్తోనే చూసేయొచ్చు. రహస్యమన్న చోట ఈ పేరా పెట్టు.

ఇంకో తేడా పట్టుకోవాలి. ఈ గుణం మనం పదులతో లెక్కపెట్టడం వల్ల వచ్చింది. ఎనిమిదులతో లెక్కపెడితే ఇదే సంఖ్య 14036 అవుతుంది, ఆ గుణం ఉండదు. కానీ 6174 = 2 × 3² × 7³ అన్నది ఎలా రాసినా మారదు. 18 + 18² + 18³ కూడా 6174 అన్నదీ మారదు. ఈ రెండో రకాన్ని నువ్వు తాకనే లేదు.

'ఓ భారతీయ గణితవేత్త' అని ఒక్క ముక్కలో దాటేసిన మనిషి దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్. నాసిక్ దగ్గర దేవలాలిలో బడిపంతులు. 1949లో మద్రాసు గణిత సదస్సులో ఈ సంగతి చెప్పారు. 1975లో అమెరికన్ గణిత రచయిత మార్టిన్ గార్డ్‌నర్ 'సైంటిఫిక్ అమెరికన్' పత్రికలోని తన శీర్షికలో రాశాకే ప్రపంచానికి బాగా తెలిశారు. తన అంకెల మొత్తంతో నిశ్శేషంగా భాగించబడే సంఖ్యలకు 'హర్షద' అని పేరు పెట్టిందీ ఆయనే. 6 + 1 + 7 + 4 = 18. 6174ని 18తో భాగించు, 343 వస్తుంది. ఆయనకో పేరా ఇవ్వు, ఆ మనిషికి అది దక్కాలి.

మూడంకెల సంఖ్యలు ఇలాగే 495 దగ్గర ఆగుతాయని సరిగ్గానే రాశావు. రెండంకెలతో ప్రయత్నించావా? 81తో మొదలుపెడితే 63, 27, 45, 09, మళ్లీ 81. గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. అది కూడా చేర్చి పంపు, ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు