మెమోలో పడని మార్కులు

ప్రశ్న: ఆర్కే బీచ్‌లో తీసిన సూర్యోదయం ఫొటో పెద్దది చేయించి హాల్లో పెట్టుకున్నాం. ఆర్కిటెక్చర్ చదువుతున్న మా మరిది కొడుకు చూసి, ‘క్యాలెండర్ బొమ్మలా ఉంది పెద్దమ్మా, జాలరిపేటలో తుప్పు పట్టిన లంగరు తీసి పెట్టాల్సింది’ అన్నాడు. పిల్లాడు మంచివాడే. కానీ అప్పట్నుంచి ఆ ఫొటో వంక చూడాలంటే నాకే మొహమాటంగా ఉంది. అందం తెలియకపోవడమంటే ఇదేనా?
– ఒక గృహిణి, అక్కయ్యపాలెం

జవాబు: కాదమ్మా. మీ హాల్లో నడిచిన ఈ చర్చే ఫ్రాన్సులో అరవై ఏళ్ల కిందట ఒక సర్వేలోకి ఎక్కింది. పియర్ బోర్దియూ అనే సమాజశాస్త్రవేత్త (పల్లెటూరి పోస్ట్‌మ్యాన్ కొడుకు) 1963లో, మళ్లీ 1967–68లో మొత్తం 1,217 మందిని వాళ్ల అభిరుచుల గురించి అడిగాడు. ఫలానాది ఫొటో తీస్తే అందంగా వస్తుందా అన్నది అందులో ఒక ప్రశ్న. సముద్రం మీద సూర్యాస్తమయం, క్యాబేజీలు, చెట్టు బెరడు, ఇలా ఒక జాబితా ఇచ్చాడు. చదువు తక్కువున్నవాళ్లు ఎక్కువగా సూర్యాస్తమయానికి ఓటేశారు. పెద్ద చదువులవాళ్లలో చాలామందికి అది మరీ మామూలైపోయింది, బెరడూ క్యాబేజీలూ నచ్చాయి.

అందమైనదాన్ని ఫొటో తీయాలనుకోవడం ఒక చూపు. దేన్నయినా ఎలా తీశారో చూడటం ఇంకో చూపు. ఆ రెండోది చదువుతో, తీరికతో, రోజు గడవడం గురించి బెంగ లేని ఇంట్లో అలవడుతుంది. మీ అబ్బాయికి కాలేజీలో మాస్టార్లు దగ్గరుండి నేర్పారు. నేర్చుకున్నానన్న సంగతి మరిచిపోయి, పుట్టుకతోనే వచ్చిందనుకుంటున్నాడు. చిక్కంతా ఆ మరుపులోనే ఉంది. తను నేర్చుకున్నది తన గొప్పయిపోతే, నేర్పేవాళ్లు దొరకనివాళ్లకు అభిరుచి లేదన్న ముద్ర పడుతుంది.

ఈసారి వచ్చినప్పుడు ఆ లంగరులో ఏం కనపడిందో చెప్పమనండి. వెలుగు ఏ పక్క నుంచి పడింది, తుప్పు గరుకు ఎలా తెలుస్తోంది, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి... పది నిమిషాల్లో చెప్పేస్తాడు. పది నిమిషాల్లో చెప్పగలిగితే అది నేర్చుకునే విద్యేనని ఇద్దరికీ తెలుస్తుంది. మీ ఫొటో మాత్రం గోడ మీంచి తీయకండి.

ప్రశ్న: నేను ఫిట్టర్‌ని. మా అమ్మాయి బీటెక్ ఫైనలియర్, 8.6 సీజీపీఏ. క్యాంపస్‌కి వచ్చిన రెండు కంపెనీల్లోనూ రాతపరీక్ష నెగ్గి, ఇంటర్వ్యూలో పోయింది. ‘కమ్యూనికేషన్ లేదు’ అన్నారట. తనకన్నా తక్కువ మార్కులవాళ్లకు వచ్చాయి. స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేర్పించమంటారా?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: డబ్బు కట్టకముందు ఒక పని చేయండి. ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయిందో అమ్మాయినే గుర్తు చేసుకుని రాయమనండి. చాలామంది విషయంలో గ్రామర్ అడ్డం కాదు. అడిగినదానికి ఒక్క వాక్యంలో జవాబిచ్చి ఆగిపోతారు. తెలియని ప్రశ్న వస్తే తల దించుకుంటారు. చివర్లో ‘ఏమైనా అడుగుతారా?’ అంటే ‘నో సార్’ అనేస్తారు. పెద్దల ముందు తక్కువ మాట్లాడటం మన ఇళ్లలో మర్యాద. అదే మర్యాదకు ప్యానెల్ వేసే పేరు ‘కాన్ఫిడెన్స్ లేదు’.

అమెరికాలో అనెట్ లారో అనే సమాజశాస్త్రవేత్త 88 మంది పిల్లల కుటుంబాలతో మాట్లాడి, వాటిలో పన్నెండింటిని ఇళ్లకు వెళ్లి దగ్గర్నుంచి గమనించింది. 2003లో ఆ వివరాలు పుస్తకంగా వచ్చాయి. మధ్యతరగతి తల్లి ఒకామె డాక్టరు దగ్గరికి కారులో వెళ్తూ, ఆయన్ని ఏం అడుగుతావో ఆలోచించుకోమని కొడుక్కి చెబుతుంది. కార్మికుల ఇళ్ల పిల్లలు అధికారం ఉన్నవాళ్ల ముందు ఒదిగి ఉండటం నేర్చుకుంటారు. డాక్టరు దగ్గరికి వెళ్తున్న ఆ పిల్లాడు పదేళ్లకే ఇంటర్వ్యూకి తయారవుతున్నాడు. మీ అమ్మాయికి మూడు వారాలుంటే ఇలా చేయించండి.

ప్రాజెక్టు గురించి తొంభై సెకన్లలో చెప్పాలి. సమస్య ఏమిటి, అందులో తను చేసిన ముక్క ఏది, ఏది పాడయింది, మళ్లీ చేస్తే ఏం మారుస్తుంది. ముందు తెలుగులో అర ఠావులో రాసుకుని, తర్వాత ఇంగ్లిష్‌లో నోటితో చెప్పి ఫోన్లో రికార్డు చేయాలి. వినేటప్పుడు రెండే పట్టించుకోవాలి. ‘నేను చేశాను’ అనాల్సిన చోట ‘మేం చేశాం’ అంటోందా? వాక్యం చివర గొంతు జారిపోతోందా? నలుగురి ప్రాజెక్టులో ‘మేం’ అంటే తన వంతు పని ప్యానెల్‌కు కనపడదు.

బట్టీ పట్టిన సెల్ఫ్ ఇంట్రడక్షన్ మానేయాలి. మధ్యలో అడ్డుకుని ప్రశ్న వేస్తే దారం తెగిపోతుంది, మళ్లీ దొరకదు.

తెలియని ప్రశ్నకు ‘ఇది చదవలేదు. దీనికి దగ్గరగా నాకు తెలిసింది ఇది. దాన్నిబట్టి ఇలా ఆలోచిస్తాను’ అనే మూడు మెట్లు సాధన చేయాలి. చివర్లో అడగడానికి రెండు ప్రశ్నలు ముందే రాసుకోవాలి. ‘మొదటి ఆరు నెలలు నాకు ఏ పని ఇస్తారు’ లాంటివి చాలు.

మాక్ ఇంటర్వ్యూ స్నేహితులతో వద్దు, పరిచయం లేని పెద్దవాళ్లతో కనీసం పదిసార్లు చేయించండి. వేరే డిపార్ట్‌మెంట్ మాస్టార్లు, మీ యూనియన్‌లో చదువుకున్నవాళ్లు ఎవరైనా సరే. ఇంకో మాట. ఆ తక్కువ మార్కుల పిల్లల్లో కొందరికి అన్నలో మావయ్యలో కంపెనీల్లో ఉండి, ఏం అడుగుతారో ముందే చెప్పి ఉంటారు. అలాంటి పరిచయాలు కూడా ఆస్తే. ఆ లోటు తీరాలంటే గత రెండేళ్లలో సెలెక్ట్ అయిన సీనియర్ల నంబర్లు ప్లేస్‌మెంట్ ఆఫీసులో అడిగి తీసుకుని ఫోన్ చేయాలి.

ప్రశ్న: మా మనవడు బళ్లో ‘ఏటి?’ అంటే క్లాసంతా నవ్వుతున్నారట. ఇంట్లో కూడా ‘ఏమిటి’ అనే పలికించమని టీచరమ్మ చెప్పారు. మేం మానుకోవాలా?
– ఒక తాతగారు, కంచరపాలెం

జవాబు: మానుకోవద్దండీ. బడి తెలుగు గ్రాంథికం నుంచి బయటపడటానికి పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. అయితే చివరికి పత్రికల్లో, పుస్తకాల్లో స్థిరపడింది మధ్యకోస్తా చదువుకున్నవాళ్ల మాట. మన ఉత్తరాంధ్ర ‘ఏటి’, ‘ఒచ్చీసినాడు’ గడప బయటే ఉండిపోయాయి. తప్పొప్పుల లెక్క అక్కడ తేలింది.

పిల్లాడికి రెండూ కావాలి. రాతలో ‘ఏమిటి’, నోట్లో ‘ఏటి’ అని టీచరమ్మకు చెప్పండి. వాడు ఏదైనా ఆలోచించి చెబుతుంటే మధ్యలో మాట దిద్దవద్దనండి. అలా దిద్దితే పిల్లలు మాట మార్చుకోరు, చెయ్యెత్తడం మానేస్తారు.

ప్రశ్న: ఒకటో తరగతి సీటుకి వెళ్తే ఒక ప్రైవేటు స్కూల్లో మా ఇద్దరికీ ఇంగ్లిష్‌లో ఇంటర్వ్యూ పెట్టారు. నేను ఏడో తరగతి వరకే చదివాను. సీటు లేదన్నారు.
– ఒక తల్లి, మల్కాపురం

జవాబు: అలా చేయకూడదు. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ పిల్లలకే కాదు, తల్లిదండ్రులకూ వడపోత పెట్టవద్దంటుంది. మొదటిసారికి 25 వేల దాకా, తర్వాత ప్రతిసారికీ 50 వేల దాకా జరిమానా. అయితే 2014 సుప్రీంకోర్టు తీర్పు మైనారిటీ విద్యాసంస్థలను ఈ చట్టం నుంచి మినహాయించింది కాబట్టి, ఆ స్కూలు ఆ కోవలోదేమో ముందు కనుక్కోండి.

ఆ కోవలోది కాకపోతే తెల్లకాగితం మీద తేదీ, టైము, అడిగిన ప్రశ్నలు, ఎవరు అడిగారు అన్నవి రాసి జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) కమిషనర్‌కి ఇవ్వండి. నకలు జిల్లా విద్యాశాఖాధికారికి పంపండి. 32వ సెక్షన్ ప్రకారం మూడు నెలల్లో తేల్చాలి. 25 శాతం ఉచిత సీట్ల కింద దరఖాస్తు చేసేట్టయితే ఒకటి గుర్తుంచుకోండి, ఆ హక్కు ఎనిమిదో తరగతితో ఆగుతుంది. తొమ్మిదికి ఫీజు ఎంతో చేర్చేరోజే అడగండి. ఫిర్యాదు ఇచ్చినప్పుడు రసీదు మీద తేదీ ముద్ర పడిందో లేదో చూసుకోండి, మూడు నెలల లెక్కకు ఆధారం అదే.