నెలకోసారి తీసే కారుకు ఏ ఛార్జర్ కొనాలి?

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నాన్నగారి కారు బ్యాటరీ మళ్లీ దిగిపోయిందనీ, నువ్వు డాలస్‌లో ఒక ఛార్జర్ చూసి వచ్చేవాళ్ల చేత రాజమండ్రికి పంపాలనుకుంటున్నావనీ అక్కయ్య చెప్పింది. ఇంకా కొనకపోతే రెండు రోజులు ఆగమ్మా. డిపోలో ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను బ్యాటరీ గదిలోనే ఉన్నాను. ఈ విషయంలో తొందరపడి కొన్న వస్తువు బ్యాటరీని కాపాడకపోగా ఇంకా త్వరగా చంపేస్తుంది.

ముందు, కదలని కారులో బ్యాటరీ ఎందుకు దిగిపోతుందో తెలుసుకో. తాళం వేశాక కూడా కారు పూర్తిగా నిద్రపోదు. అలారం, రిమోట్ తాళం, గడియారం, లోపలి కంప్యూటర్లు కొద్దికొద్దిగా కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. అది 40 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా రోజుకు దాదాపు ఒక ఆంపియర్-అవర్, అంటే ఒక ఆంపియర్ చొప్పున గంటసేపు ఇచ్చేంత కరెంటు, పోతుంది. నాన్నగారి కారులో ఉన్నది 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీ. మూడు వారాలు బయటికి తీయకపోతే సగానికి పైగా ఖాళీ. దీనికి తోడు బ్యాటరీ తనంతట తానే కొంత శక్తిని పోగొట్టుకుంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే ఆ నష్టం ఇంచుమించు రెట్టింపవుతుంది. రేకుల షెడ్డులో మే నెలంతా నిలబడిన కారు సంగతి ఇక నువ్వే ఊహించు. అలా సగం ఖాళీగా వారాల తరబడి ఉండిపోతే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. ఆ తరువాత ఎంత ఛార్జింగ్ పెట్టినా పాత శక్తి తిరిగి రాదు.

రోజూ పొద్దున్నే ఐదు నిమిషాలు ఇంజన్ ఆన్ చేసి ఆపేస్తున్నానని బావగారు అన్నారట. పెద్దాయన మంచికే చేస్తున్నారు కానీ దాని వల్ల లాభం లేదు. సెల్ఫ్ కొట్టిన ఆ రెండు మూడు సెకన్లలో మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఇంజన్ నిదానంగా తిరుగుతుంటే, దానితో తిరుగుతూ బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ తిరిగి ఇచ్చేది తక్కువ. పైగా పూర్తిగా వేడెక్కని ఇంజన్ సైలెన్సర్‌లో తేమ మిగిలిపోయి లోపల తుప్పు పడుతుంది. నడపగలిగితే వారానికోసారి ధవళేశ్వరం దాకా వెళ్లి రమ్మను. లేకపోతే అసలు స్టార్ట్ చేయవద్దని నెమ్మదిగా చెప్పు.

ఇక ఛార్జర్ సంగతి. అంగడిలో అందరూ అడిగేది ఎన్ని గంటల్లో నింపుతుందని. నువ్వు అడగవలసింది అది కాదు. నిండాక ఏం చేస్తుందో అడుగు. ట్రికిల్ ఛార్జర్ అని చవకగా దొరికే చిన్న పెట్టెలు బ్యాటరీ నిండినా నిండకపోయినా ఒకే తీరున కరెంటు పంపుతూనే ఉంటాయి. నిండిన కుండలో నీళ్లు పోస్తూనే ఉన్నట్టు. బ్యాటరీలో ఆ ఎక్కువైన కరెంటు నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడగొడుతుంది. అలా ఛార్జింగ్‌లోనే వదిలేసిన బ్యాటరీలను మా గదిలో చూసేవాళ్లం. మూత విప్పితే లోపల సన్నగా కుతకుతమని ఉడుకుతున్న చప్పుడు, ముక్కుపుటాలు మండించే యాసిడ్ ఆవిరి, చెయ్యి ఆనిస్తే వేడిగా ఉబ్బిన పక్కలు. లోపల నీటిమట్టం ప్లేట్ల కిందికి దిగిపోయి ఉండేది. ఆ ఆవిరికి చొక్కా ముందు భాగమంతా చిల్లులు పడేవి.

నీకు కావలసింది వోల్టేజీని చూసుకుని తనంతట తాను తగ్గిపోయే ఛార్జర్. మొదట కరెంటు బాగా ఇస్తుంది. వోల్టేజీ 14.4 దగ్గరికి చేరాక దాన్ని అక్కడే నిలిపి, కరెంటు తగ్గుతూ పోనిస్తుంది. నిండాక 13.2 నుంచి 13.8 వోల్టుల మధ్యకు దిగి, బ్యాటరీ పోగొట్టుకున్నంతే ఇస్తూ కూర్చుంటుంది. ఈ చివరి దశనే ఫ్లోట్ అంటారు. కొన్ని ఛార్జర్లు నిండగానే పూర్తిగా ఆగిపోయి, వోల్టేజీ తగ్గినప్పుడు మళ్లీ మొదలుపెడతాయి. అదీ మంచిదే. పెట్టె మీద స్మార్ట్ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకు. ఫ్లోట్ వోల్టేజీ ఎంతో కాగితంలో అంకెలతో రాసి ఉంటేనే తీసుకో.

మన ఊరికి ముఖ్యమైనది ఇంకొకటి ఉంది, అది వేడిని బట్టి వోల్టేజీ తగ్గించుకునే గుణం. అంకెలన్నీ సాధారణంగా 25 డిగ్రీలకు లెక్క కట్టి ఇస్తారు. 40 డిగ్రీల ఎండలో అదే బ్యాటరీకి దాదాపు 0.3 వోల్టు తక్కువ సరిపోతుంది. చలిదేశాల్లో ఏడాదంతా తగిలించి ఉంచినా ఏమీ కాని ఛార్జర్, ఇక్కడ వేసవిలో బ్యాటరీని మెల్లగా ఎండగట్టేస్తుంది. టెంపరేచర్ కాంపెన్సేషన్ అనే మాట వివరాల్లో ఉందేమో వెతుకు. అది లేనిదే దొరికితే కొనవద్దని అనను కానీ, దాన్ని అలా తగిలించి వదిలేయకూడదు. రెండు వారాలకోసారి ఒక రాత్రి పెట్టి తీసేయాలి. బావగారు మరిచిపోతారనుకుంటే ప్లగ్గుకు ఒక టైమర్ పెట్టించు.

కరెంటు కోతల సంగతి అమెరికాలో ఎవరూ ఆలోచించరు. కొన్ని ఛార్జర్లకు కరెంటు పోయి వచ్చాక మళ్లీ బటన్ నొక్కాలి. లేకపోతే అలా ఖాళీగా ఉండిపోతాయి. దీపం వెలుగుతూనే ఉంటుంది, ఛార్జింగ్ మాత్రం ఉండదు. అక్కయ్య నెల తరువాత చూసేసరికి బ్యాటరీ మళ్లీ మొదటికే వస్తుంది. కొన్న వెంటనే ఒకసారి పరీక్షించు. ఛార్జింగ్ మొదలయ్యాక ప్లగ్గు పీకి, కొన్ని నిమిషాలాగి పెట్టు. తనంతట తాను పాత పనిలోకి వస్తే ఉంచుకో, రాకపోతే వెనక్కి ఇచ్చేయి. ప్లగ్గులో కరెంటు లేనప్పుడు ఛార్జరే బ్యాటరీ నుంచి కరెంటు తాగకూడదు, అదీ వివరాల్లో చూడు.

నువ్వు అక్కడ కొంటానంటే ఒక్క విషయంలో మాత్రం పొరపాటు పడకు. అక్కడి గోడలో 120 వోల్టులు, మన దగ్గర 230. ఛార్జర్ వెనక ఇన్‌పుట్ దగ్గర 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటేనే ఇక్కడ పనికొస్తుంది. 120 అని మాత్రమే ఉన్నది ఇక్కడ పెట్టిన క్షణంలో కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకుని నెలల తరబడి వాడటం నాకు ఇష్టం లేదు. అది వేడెక్కుతూ ఉంటుంది, ఇంట్లో ఉన్నది పెద్దవాళ్లు. నిజానికి మంచి కంపెనీల ఛార్జర్లు ఇక్కడే దొరుకుతున్నాయి. వారంటీ కూడా ఇక్కడే చెల్లుతుంది. నన్నడిగితే ఇక్కడే కొనమంటాను.

ఎన్ని ఆంపియర్లది? 35 ఆంపియర్-అవర్ల కారు బ్యాటరీకి మూడు నుంచి ఐదు ఆంపియర్లు చక్కగా సరిపోతాయి. సగం దిగిన బ్యాటరీ ఒక రాత్రిలో నిండుతుంది. ఒక ఆంపియర్‌ది నిండిన బ్యాటరీని నిలబెట్టగలదు కానీ దిగినదాన్ని లేపడానికి రెండు రోజులు పడుతుంది. అక్కయ్య స్కూటర్‌కూ వాడాలంటే జాగ్రత్త. దాని బ్యాటరీ నాలుగైదు ఆంపియర్-అవర్లదే, దానికి ఒక ఆంపియర్ లోపే ఇవ్వాలి. కారుకూ ద్విచక్ర వాహనానికీ వేరువేరు మోడ్‌లు ఉన్నది చూడు. బ్యాటరీ మీది స్టిక్కర్‌లో ఏజీఎమ్ అని ఉంటే, అంటే యాసిడ్‌ను గాజునార మెత్తలు పీల్చుకుని ఉండే మూసేసిన రకమైతే, ఛార్జర్‌లోనూ ఆ మోడ్ ఉండాలి. చెడిన బ్యాటరీని బాగుచేస్తానంటూ 15 వోల్టులు దాటించే మోడ్ కొన్నిటిలో ఉంటుంది. బ్యాటరీ కారులో ఉండగా దాని జోలికి వెళ్లవద్దు, లోపలి ఎలక్ట్రానిక్స్‌కు ప్రమాదం. ఏజీఎమ్‌కైతే అసలే వద్దు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా, దానికే తగిలిస్తే పోలా అని ఎవరో బావగారికి చెప్పారట. వద్దు. అది 150 ఆంపియర్-అవర్ల పెద్ద బ్యాటరీ కోసం చేసిన యంత్రం. పది, పదిహేను ఆంపియర్లు తోస్తుంది. కారు బ్యాటరీ తట్టుకోలేదు.

కొనే ముందు ఇంకో పని చేయించాలి. ఇప్పుడున్న బ్యాటరీ బతికి ఉందో లేదో చూడాలి. మెకానిక్ దగ్గర రాత్రంతా ఛార్జింగ్ పెట్టించి, తీసి ఒక పూట పక్కన ఉంచి, మల్టీమీటర్‌తో చూడమను. 12.6 వోల్టుల పైన నిలబడితే మంచిది. 12.4 కంటే తక్కువకు జారిపోతే ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. మన వేడిలో మూడు, నాలుగేళ్లు దాటిన బ్యాటరీ అయితే ఆశ పెట్టుకోవద్దు. దానికి ఏ ఛార్జరూ ప్రాణం పోయలేదు.

బిగించే పద్ధతి అక్కయ్యకు కూడా తెలిసి ఉండాలి. ముందు ఎర్ర క్లిప్పు ప్లస్ టెర్మినల్‌కు, తరువాత నల్ల క్లిప్పు బ్యాటరీకి దూరంగా ఇంజన్ దగ్గరి రంగు లేని లోహభాగానికి, ఆఖరున ప్లగ్గు. తీసేటప్పుడు దీనికి సరిగ్గా తిరగబడి, అంటే ముందు ప్లగ్గు. హైడ్రోజన్ చుట్టూ పేరుకున్న చోట చిన్న నిప్పురవ్వ చాలు. షెడ్డు తలుపు తెరిచి ఉంచాలి, దగ్గర్లో అగరుబత్తి కూడా వెలిగించకూడదు. బ్యాటరీకి మూతలు ఉంటే నెలకోసారి నీటిమట్టం చూసి, తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. వంటింటి ఫిల్టర్ నీళ్లు పనికిరావు. ప్రతిసారీ క్లిప్పులు పెట్టలేరు కాబట్టి, ఫ్యూజు ఉన్న చిన్న వైరు బ్యాటరీకి శాశ్వతంగా బిగించి కొస బయటికి తీస్తే, అక్కయ్య బానెట్ ఎత్తకుండానే తగిలించగలదు. షెడ్డులో ఎలుకలు ఉన్నాయి, అవి వైర్లు కొరుకుతాయి. ఆ వైరును గట్టి గొట్టంలోంచి పోనిద్దాం. వానజల్లు పడే చోటు కాబట్టి ఛార్జర్‌కు ఐపీ65 రేటింగ్, అంటే దుమ్మూ నీటిజల్లూ లోపలికి పోవన్న గుర్తు, ఉంటే మేలు.

నువ్వు ఎంచుకున్న ఛార్జర్ వెనక లేబుల్ ఫోటో, అక్కయ్యతో తీయించి బ్యాటరీ మీది స్టిక్కర్ ఫోటో, రెండూ నాకు పంపించు. చూసి సరేనన్నాకే డబ్బు కట్టు. వస్తువు వచ్చిన వారం నేనే రాజమండ్రి వెళ్లి బిగించి, బావగారి చేత రెండుసార్లు తగిలించి తీయించి వస్తాను.

మావయ్య