చివరి భాగం మీద నాలుగు మాటలు రాసేముందు

అమ్మడూ,

హైస్కూల్ ఆడపిల్లల మీద తీసిన ఆ జపనీస్ కామెడీ కార్టూన్ సిరీస్ (అనిమే) గురించి నువ్వు పంపిన నాలుగు పేరాలూ రాత్రి భోజనాలయ్యాక కూర్చుని చదివాను. "అజుమాంగా దాయో మొదటి భాగాల్లో ఉన్న నవ్వు చివరి భాగంలో లేదు, సాగదీశారు, బోర్" అని తేల్చేశావు. పదిమందికీ చూపించేముందు అత్తకు ఒకసారి పంపుదామని నీకు అనిపించినందుకు సంతోషం. ఇంకో వారం ఆగు. నీ అభిప్రాయం మార్చుకోమని కాదు. చూసిన దాని గురించి కాకుండా, చూసి అలిసిపోయిన దాని గురించి రాశావేమో అని నా అనుమానం.

ఎందుకంటే నువ్వు ఎలా చూశావో మీ అమ్మ చెప్పింది. శని, ఆదివారాల్లో 26 ఎపిసోడ్లూ లాగించేశావట. చివరికొచ్చేసరికి ఒకటిన్నర స్పీడులో పెట్టావట. ఈ సిరీస్ 2002 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా టీవీ టోక్యోలో వచ్చింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకో అయిదు నిమిషాల ముక్క, వారం చివర ఆ అయిదూ కలిపి ఒక ఎపిసోడ్. మొత్తం 130 ముక్కలు. రోజుకొకటి తినమని నాయనమ్మ డబ్బా నిండా సున్నుండలు పంపిస్తే, ఒక్క పూటలో డబ్బా ఖాళీ చేసి చివరి ఉండ వెగటుగా ఉందంటే ఏం చెప్పను?

స్పీడు సంగతి ఇంకా ముఖ్యం. దీనికి మూలం కియోహికో అజుమా గీసిన నాలుగు గడుల మాంగా, అంటే జపనీస్ బొమ్మల కథ. మొదటి గడిలో విషయం మొదలవుతుంది, రెండో దాంట్లో సాగుతుంది, మూడో దాంట్లో మలుపు తిరుగుతుంది, నాలుగో దాంట్లో తేలుతుంది. మూడో గడికీ నాలుగో గడికీ మధ్య చదివేవాడి కన్ను ఒక్క క్షణం ఆగుతుంది చూడు, నవ్వంతా అక్కడే ఉంది. అనిమే తీసినవాళ్లు ఆ క్షణాన్ని నిశ్శబ్దంగా మార్చారు. ఎవరూ కదలరు, ఎవరూ మాట్లాడరు, తర్వాత ఒక చిన్న మాట పడుతుంది. స్పీడు పెంచితే ముందు పోయేది ఆ నిశ్శబ్దమే. నువ్వు సాగదీశారన్న చోట్లు చాలావరకు అవే అయ్యుంటాయి.

సకాకి సంగతే తీసుకో. పొడుగ్గా, మౌనంగా ఉండే ఆ అమ్మాయిని చూసి క్లాసంతా గంభీరమైన మనిషి అనుకుంటారు. ఆ పిల్లకేమో పిల్లులంటే ప్రాణం. వీధి గోడ మీద బూడిద రంగు పిల్లి కూర్చుని ఉంటుంది. సకాకి ఆగుతుంది. చెయ్యి మెల్లగా చాస్తుంది. చెయ్యి దగ్గరికి వెళుతుంది, ఇంకాస్త దగ్గరికి వెళుతుంది, పిల్లి మొహం ప్రశాంతంగానే ఉంటుంది. అంతలో కసుక్కున కరుస్తుంది. ఆ పిల్లి పేరు కామినెకో, కరిచే పిల్లి అనే అర్థం. ఆ కాటుకు మొదటిసారి నవ్వుతాం. అయిదోసారి, చెయ్యి లేవగానే ముందే నవ్వుతాం. ఇంకా తర్వాత నవ్వుతో పాటు జాలి కూడా మొదలవుతుంది.

ఒకినావా దీవుల యాత్రలో ఈ క్లాసు పిల్లలు ఇరియోమోటె దీవికి వెళతారు గుర్తుందా? అక్కడ ఒక చిన్న అడవిపిల్లి కనిపిస్తుంది. ఇరియోమోటె పిల్లి నిజంగానే ఉంది, ప్రపంచంలో ఆ ఒక్క దీవిలోనే, వందకు అటూ ఇటూగా మిగిలింది. సకాకి మళ్లీ అలాగే మెల్లగా చెయ్యి చాస్తుంది. ఈసారి పిల్లి కరవదు. అక్కడ జోకేమీ లేదు నిజమే. కానీ అన్ని ఎపిసోడ్లుగా కరిపించుకున్న చెయ్యి అది. ముందు కాట్లు లేకపోతే ఈ ఒక్క స్పర్శకు విలువ లేదు. ఆ పిల్లికి మాయా అని పేరు పెడుతుంది. అక్కడ అడవిపిల్లిని పిలిచే మాటలోంచి వచ్చిన పేరే అయినా, మన చెవికి ఇంకోలా తగులుతుంది. చివర్లో ఆ మాయా ఎక్కడ తేలుతుందో నువ్వు చూశావు కదా, అది నీ రాతలో బయటపెట్టకు. ఇంకా చూడనివాళ్లు చదువుతారు.

కామెడీ సిరీస్ చివరి భాగాన్ని చూసేటప్పుడు ఎన్నిసార్లు నవ్వానో లెక్కపెట్టడం సరిపోదు. మొదట్లో నవ్వించినవి చివరికి ఏమయ్యాయో చూడాలి. పదేళ్ల చియో హైస్కూల్లో చేరడంతో మొదలై, 26 ఎపిసోడ్లలో మూడేళ్లు గడిచిపోతాయి. చివరికొచ్చేసరికి ఎంట్రెన్సుల టెన్షన్, రిజల్ట్స్, వీడ్కోలు. ఇంటర్ సెకండియర్ చివరి నెలలు గుర్తు తెచ్చుకో. ఫస్టియర్‌లో వేసిన జోకే అప్పుడు ఎవరైనా వేస్తే, నవ్వి వెంటనే మూగబోయేవాళ్లం కదా.

నేనూ ఒకసారి పొరపాటు చేశాను. అమెరికాలో ఉన్నప్పుడు మా ఊరి లైబ్రరీలో ఈ సిరీస్ ఆరు డీవీడీలుగా ఉండేది. మధ్యవి ఎవరో పట్టుకెళితే, రెండోది అవగానే ఆరోది తెచ్చి చూసేశాను. కింది ఫ్లాట్ తెలుగావిడ కొడుకు అడిగితే, "మొదటి రెండూ చాలు బాబూ, చివర్లో ఏమీ లేదు" అన్నాను. ఆ పిల్లాడు నా మాట మీద ఆపేశాడు. తర్వాత మధ్యవి దొరికి వరసగా చూసి, ఎంత తప్పు చెప్పానో తెలుసుకునేసరికి వాళ్లు వేరే ఊరు వెళ్లిపోయారు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఒక మాటతో మనిషిని ఒక మంచి వస్తువుకు దూరం చెయ్యగలం అమ్మడూ, అందుకే ఇంత చెబుతున్నాను.

ఏ భాషలో చూశావో కూడా రాయి. ఒసాకా అని పిలిచే పిల్ల అసలు పేరు అయుము కసుగా. ఆ ఊరి నుంచి వచ్చిందని అదే పేరు పెట్టేశారు, హాస్టల్లో మన వాళ్లు "ఏయ్ నెల్లూరూ" అన్నట్టు. జపనీస్‌లో ఆమెది ఒసాకా వైపు యాస. ఇంగ్లీష్ డబ్బింగులో అమెరికా దక్షిణాది యాస పెట్టారు. సబ్‌టైటిల్స్‌లో మాత్రం యాస సగం ఎగిరిపోతుంది. నీకు ఆమె మాటలు చప్పగా అనిపిస్తే, తప్పు సిరీస్‌దో, నువ్వు చదివిన అక్షరాలదో తేల్చుకుని రాయి.

"బోర్" అన్న మాట కొట్టేసి, ఏ ముక్క దగ్గర మనసు పక్కకు పోయిందో ఆ ముక్క పేరు రాయి. ప్రతి ముక్కకూ పేరు ఉంటుంది. చదివేవాళ్లు వెళ్లి చూసుకుని నీతో ఒప్పుకుంటారు, లేదా నిన్ను కాదంటారు. రెండూ మంచివే.

నీ రాతలో నాకు బాగా నచ్చింది మూడో పేరా. ఆడపిల్లలంటే ఇష్టమని క్లాసులోనే చెప్పుకునే కిమురా మాస్టారి జోకులు నీకు నవ్వు రాలేదని, ఒళ్లు జలదరించిందని రాశావు. నాకూ అప్పుడు నవ్వు రాలేదు, ఇప్పుడూ రాదు. ఇంట్లో మంచి భార్య, ముద్దొచ్చే కూతురు ఉన్నారని చూపించినంత మాత్రాన అది సరిపోదు. దీన్ని ప్రాణంగా ప్రేమించేవాళ్లు నీ మీదికి వస్తారు, "అది ఉత్త జోకు, అంత సీరియస్ ఎందుకు" అంటారు. వాళ్లతో గొడవ పెట్టుకోకు, మాట వెనక్కీ తీసుకోకు.

ఈ వారం రోజుకో ఎపిసోడ్ చొప్పున, మామూలు స్పీడులో, చివరి ఏడూ మళ్లీ చూడు. తర్వాత కూడా నచ్చకపోతే నచ్చలేదనే రాయి, ఎక్కడ నచ్చలేదో చెబుతూ రాయి. తిరగరాసింది నాకు పంపు. కిమురా పేరా మాత్రం ఒక్క అక్షరం కూడా తీయకు.

మీ అత్త